కేంద్రాన్ని లెక్క అడగడం ఎలా? బడ్జెట్ పుస్తకం నుంచి కోర్టు గుమ్మం దాకా

మొదటిసారి సమాచార హక్కు దరఖాస్తు పెట్టినప్పుడు నేను రాసింది రెండే రెండు ప్రశ్నలు. "ఈ పథకం పనులు ఎందుకు ఆగిపోయాయి? దీనికి బాధ్యులెవరు?" కోపం మీద ఉన్నానేమో, 'ఎందుకు' కింద రెండు గీతలు కూడా గీశాను. ఇరవై తొమ్మిదో రోజున చిన్న జవాబు వచ్చింది: మీరు అడిగినది చట్టం చెప్పే 'సమాచారం' కిందికి రాదు. ఆ అధికారిని చాలాసేపు తిట్టుకున్నాను. తీరా చట్టం తెరిచి చూస్తే తప్పు నాదే. అది నాకిచ్చింది కాగితాలు అడిగే హక్కు. సంజాయిషీ అడిగే హక్కు కాదు.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. ఢిల్లీలో ఏ పని జరిగినా, జరక్కుండా ఆగినా, ఎక్కడో ఒక కాగితం ఉంటుంది. దాని మీద తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. ఆ కాగితం పేరు పెట్టి అడిగితే ఆఫీసు జవాబు చెప్పే తీరే మారిపోతుంది.

ముందు గొడవ ఏమిటో తేల్చుకోండి

"ప్రభుత్వం ఏమీ చేయట్లేదు, అంతా దాస్తోంది, డబ్బు తినేస్తోంది" అని మనం ఒకే ఊపిరిలో అంటాం. ఇవి మూడు వేర్వేరు గొడవలు, మూడింటికీ దారులు వేరు. చేయాల్సిన పని చేయకపోతే చివరికి కోర్టు దాకా వెళ్లొచ్చు. దాస్తే సమాచార కమిషన్ ఉంది. డబ్బు దారి తప్పితే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్, అధికారుల అవినీతి చూసే విజిలెన్స్, మంత్రుల మీద కూడా ఫిర్యాదు తీసుకునే లోక్‌పాల్ ఉన్నాయి. మీది ఏదో ఒక్క వాక్యంలో రాసుకోండి. అందులో పథకం పేరు, సంవత్సరం, మంత్రిత్వ శాఖ ఉండాలి. ఈ మూడూ లేకపోతే మీకు ఇంకా ప్రశ్న దొరకలేదన్నమాట.

ఇంకొకటి. అది నిజంగా కేంద్రం చేతిలో ఉన్న పనేనా? 'కేంద్ర రంగ పథకం' అయితే డబ్బంతా ఢిల్లీదే. 'కేంద్ర ప్రాయోజిత పథకం' అయితే కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి, చాలా పథకాల్లో 60:40. ఈ రెండో రకంలో ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం మామూలే. అందుకే 'కేంద్రం ఏ తేదీన ఎంత విడుదల చేసింది' అన్నది మొదట పట్టుకోవాల్సిన దారం.

ఊరికే దొరికేవి చదవకుండా దరఖాస్తు పెట్టొద్దు

సగం జవాబులు ఇప్పటికే అచ్చయి ఉంటాయి. వాటిని ఎవరూ చూడరు, అంతే.

బడ్జెట్ పత్రాల్లో 'వ్యయ బడ్జెట్' అని ఉంటుంది. ఏ శాఖ పేజీ తెరిచినా నాలుగు గడులు కనిపిస్తాయి. 2025-26 పుస్తకమే తీసుకోండి. మొదటి గడిలో 2023-24లో నిజంగా ఖర్చయిన మొత్తం, తర్వాత 2024-25 బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, చివర 2025-26 అంచనా ఉంటాయి. ఫిబ్రవరి 1న టీవీల్లో మోగేది ఆ చివరి గడి. మీరు చూడాల్సింది మొదటిది. ఒక ఏడాది పుస్తకంలో ప్రకటించిన అంకెను, రెండేళ్ల తర్వాత వచ్చిన పుస్తకంలోని వాస్తవ ఖర్చు పక్కన పెట్టండి. 'భారీ కేటాయింపు' అన్న మాట ఎంత నిలబడిందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

తర్వాత పార్లమెంటరీ సంఘాల నివేదికలు. మహిళా సాధికారతపై పార్లమెంటు సంఘం 2021లో ఆడపిల్లల కోసం పెట్టిన 'బేటీ బచావో బేటీ పఢావో' పథకం లెక్కలు చూసింది. 2016 నుంచి 2019 వరకు విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే పోయిందని రాసింది. ఆ అంకెను బయటపెట్టింది ప్రతిపక్ష నాయకుడో విలేకరో కాదు. అన్ని పార్టీల ఎంపీలూ ఉన్న సంఘం. ఇలాంటి కాగితం మీ చేతిలో ఉంటే మీ మాటను 'రాజకీయం' అని కొట్టిపారేయడం కష్టం.

ఇక కాగ్. రాజ్యాంగంలోని 148 నుంచి 151 వరకు అధికరణలు ఈ వ్యవస్థకు పునాది. నివేదికలు చాలావరకు కాగ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి. లావు చూసి భయపడొద్దు, ప్రతి పేరా ఒకే మూసలో ఉంటుంది. నిబంధన ఏం చెప్పింది, తనిఖీలో ఏం తేలింది, మంత్రిత్వ శాఖ ఏం జవాబిచ్చింది, ఆ జవాబు కాగ్‌కి ఎందుకు నచ్చలేదు. మొదట మూడోది చదవండి, శాఖ తన నోటితో ఒప్పుకున్నవి అక్కడే ఉంటాయి. 2023లో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకం మీద వచ్చిన నివేదికలో 7,49,820 మంది లబ్ధిదారుల పేర్లకు ఒకే మొబైల్ నంబరు జతచేసి ఉందని తేలింది. ఆ నంబరు పది తొమ్మిదులు! లబ్ధిదారుడి గుర్తింపును ఫోన్ నంబరుతో తేల్చం కదా అన్నది ప్రభుత్వం వాదన. ఇప్పుడు తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది: మరి దేంతో తేల్చారు, ఆ రికార్డు చూపించండి.

ఇక్కడో హెచ్చరిక. కాగ్ అంకెను అలాగే ఎత్తి 'ఇంత తినేశారు' అని రాసేయకండి. 2జీ (మొబైల్ ఫోన్ల స్పెక్ట్రం కేటాయింపుల) వ్యవహారంలో కాగ్ 2010లో చెప్పిన 1.76 లక్షల కోట్లు ఊహాత్మక నష్టం. అంటే రావాల్సి ఉండి రాలేదని వేసిన లెక్క. సుప్రీంకోర్టు 2012లో 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కేటాయింపు తీరు తప్పని తేలడం ఒకటి, ఫలానా వ్యక్తి నేరం చేశాడని రుజువు కావడం ఇంకొకటి. ఆ తేడా మర్చిపోతే మీ వాదన ఒక్క దెబ్బకు కూలిపోతుంది.

కాగ్ పేరా పార్లమెంటు ముందుకొచ్చాక, దాని మీద ఏం చేశారో సంబంధిత శాఖ నాలుగు నెలల్లో 'యాక్షన్ టేకెన్ నోట్' ఇవ్వాలి. కాగ్ నివేదికలను పరిశీలించే పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం కూర్చుని విచారించేది కొన్ని పేరాలనే, నోట్ మాత్రం మిగతా వాటికీ ఇవ్వాల్సిందే. ఆ నోట్ కాపీ అడిగేవాళ్లు చాలా తక్కువ. మీరు అడగండి.

దరఖాస్తు రాయడం

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. కేంద్ర కార్యాలయాలకు రుసుము పది రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, ధ్రువపత్రం జతచేస్తే చాలు. కేంద్రానికి ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, అక్కడ గడిలో మూడు వేల అక్షరాలు పడతాయి. కాగితం మీద అయితే మామూలుగా 500 పదాలు దాటకూడదు. పోస్టల్ ఆర్డర్ ఆ కార్యాలయం 'అకౌంట్స్ ఆఫీసర్' పేరు మీద తీయండి. తెలుగులో రాసే హక్కు మీకుంది. కానీ ఢిల్లీ శాఖకైతే నేను ఇంగ్లిష్‌లోనే పంపుతాను. అనువాదం పేరుతో వాళ్లకు ఇంకో నెల ఎందుకివ్వాలి?

ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే చెబుతోంది. ఫోన్ చేసి "ఏంటి సార్ మీ ప్రాబ్లమ్?" అని అడిగితే నవ్వి ఊరుకోండి.

నా రెండో దరఖాస్తు ఇలా ఉంది. పథకం పేరు, ఆర్థిక సంవత్సరం పైన రాసి, కింద ఐదు అంశాలు పెట్టాను:

1. ఈ పథకానికి నిధులు విడుదల చేసిన మంజూరు ఉత్తర్వుల కాపీలు, తేదీలతో.
2. నిధులు అందుకున్న సంస్థ ఇచ్చిన వినియోగ ధ్రువపత్రాల కాపీలు.
3. ఈ పనికి సంబంధించిన ఫైలులోని నోట్‌షీట్లు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా.
4. సమీక్షా సమావేశాల మినిట్స్.
5. ఆ ఫైలును నేనే వచ్చి చూసుకోవడానికి అనుమతి.

ఇందులో 'ఎందుకు' లేదు, 'ఎవరు' లేదు, 'సిగ్గు లేదా' అసలే లేదు. ప్రతి అంశమూ ఇప్పటికే ఉన్న ఒక కాగితం. ఉన్న రికార్డు ఇస్తే చాలు, కొత్తగా తయారు చేసి ఇవ్వక్కర్లేదని 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 'గత పదేళ్ల వివరాలు రాష్ట్రాలవారీగా పట్టిక వేసి ఇవ్వండి' అని అడిగితే తలుపు మీరే మూసుకున్నట్టు.

ఐదో అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. రికార్డు చూడటం మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు ఐదు రూపాయలు. చూసి, కావలసిన పేజీలకే గుర్తు పెట్టుకుంటే పేజీకి రెండు రూపాయలతో సరిపోతుంది.

నోట్‌షీట్ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఆకుపచ్చ కాగితం. కింది గుమాస్తా రాసింది పైన, దాని కింద పై అధికారి మాట, దాని కింద ఇంకా పై వారి పొట్టి సంతకం, ప్రతిదానికీ తేదీ. నా ఫైల్లో ఒకచోట "ప్లీజ్ డిస్కస్" అని ఒకే మాట ఉంది. తర్వాతి సంతకానికీ దానికీ మధ్య పద్నాలుగు నెలలు. ఆ డిస్కషన్ ఏమైందో ఎక్కడా రాసి లేదు. పథకం ఎందుకు ఆగిందని అరిచి అడిగితే రాని జవాబు, రెండు తేదీల మధ్య ఖాళీలో కనిపించింది.

జవాబు వచ్చాక అసలు పని

గడువు 30 రోజులు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటలు. (ఈ రెండోదాన్ని ఊరికే వాడి పరువు తీసుకోవద్దు.) పొరపాటున వేరే శాఖకు పంపితే వాళ్లే ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. గడువు దాటి ఇచ్చిన సమాచారానికి పేజీల రుసుము తీసుకోకూడదు.

తిరస్కరణలు నాలుగైదు రకాలే, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి.

'సమాచారం చాలా ఎక్కువగా ఉంది, సెక్షన్ 7(9) కింద ఇవ్వలేం.' ఆ సెక్షన్‌లో నిరాకరించే అధికారం లేదు. అడిగిన రూపంలో ఇవ్వడం మరీ భారమైతే వేరే రూపంలో ఇవ్వొచ్చని మాత్రమే ఉంది. అప్పీల్లో ఈ మాట రాసి, ఫైలు చూడటానికి తేదీ అడగండి.

'దర్యాప్తు జరుగుతోంది.' జరుగుతున్నంత మాత్రాన సరిపోదు. సమాచారం ఇస్తే దర్యాప్తు ఎలా దెబ్బతింటుందో వాళ్లు చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. పైగా నిరాకరణ సరైనదేనని రుజువు చేసే భారం అధికారి మీదే ఉంటుంది, సెక్షన్ 19(5) చూడండి.

'వ్యక్తిగత సమాచారం.' ఇదిప్పుడు ముదిరింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని కత్తిరించేసింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆ సెక్షన్‌లోనే ప్రజా ప్రయోజనం మాట ఉండేది, పార్లమెంటుకు ఇవ్వగలిగినది పౌరుడికీ ఇవ్వాలన్న వాక్యమూ ఉండేది. రెండూ పోయాయి. కాంట్రాక్టర్ పేరు, సంతకం చేసిన అధికారి పేరు కూడా 'వ్యక్తిగతం' అనేందుకు వీలు చిక్కింది. నా మటుకు నాకు ఇది చట్టానికి తగిలిన పెద్ద దెబ్బ. మిగిలిన ఆయుధం సెక్షన్ 8(2): దాచడం వల్ల జరిగే మేలుకన్నా బయటపెట్టడం వల్ల ప్రజలకు జరిగే మేలు ఎక్కువైతే ఇవ్వొచ్చు. దరఖాస్తులో కారణం రాయొద్దన్నాను గానీ, ఈ ఒక్కచోట, అప్పీల్లో, ప్రజా ప్రయోజనం ఏమిటో విడమరచి రాయండి. పేర్లు కొట్టేసి అయినా మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడగండి.

జవాబు నచ్చకపోయినా, అసలు రాకపోయినా, 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. ఫీజు లేదు. వాళ్లు 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. విచారణకు ఢిల్లీ వెళ్లక్కర్లేదు, జిల్లా కేంద్రంలో వీడియో కాన్ఫరెన్స్ ఏర్పాటు చేస్తారు. మీకిచ్చే సమయం ఐదారు నిమిషాలే, కథ మొత్తం చెప్పబోకండి. ఏ అంశానికి ఏ కాగితం రాలేదు, అంతే. అధికారి తప్పు తేలితే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడుతుంది, అదీ ఆయన జీతంలోంచి. కమిషన్‌లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి ఆగాల్సి వస్తుంది. ఆ టెన్షన్ తగ్గాలంటే ఒకే కాగితాన్ని రెండు మూడు చోట్ల అడగండి. మంత్రిత్వ శాఖ ఇవ్వనిది నిధులు అందుకున్న సంస్థ ఇవ్వొచ్చు.

ఎంపీని వాడుకోవడం

మన ఎంపీ దగ్గరికి బదిలీల సిఫారసుకీ రైల్వే టికెట్ కన్ఫర్మేషన్‌కీ వెళ్తాం. ఆయన చేతిలో ఉన్న అసలు పనిముట్టు ప్రశ్న. లిఖితపూర్వక జవాబు చాలనుకుంటే నక్షత్ర గుర్తు లేని ప్రశ్న మంచిది. లోక్‌సభలో రోజుకు అలాంటివి 230 దాకా తీసుకుంటారు, సభలో నోటితో జవాబు చెప్పే నక్షత్ర గుర్తువి ఇరవయ్యే. మీరు చేయాల్సిందల్లా ప్రశ్నను తయారుగా టైపు చేసి, మీకు దొరికిన కాగితాల కాపీలతో ఎంపీ ఆఫీసులో ఇవ్వడం. మాట ఇచ్చేది ఎంపీ అయినా పని జరిపించేది ఆయన పీఏ, ఆయనతో స్నేహంగా ఉండండి. మీ ఎంపీ పాలక పక్షం వాడై తటపటాయిస్తే ఇంకో ఎంపీ. రాజ్యసభ సభ్యులైతే మరీ మంచిది, వాళ్ల దగ్గర రద్దీ తక్కువ.

మంత్రి "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అన్నారనుకోండి. చాలామంది అక్కడితో నీరుగారిపోతారు. నిజానికి అది హామీ కిందికి వస్తుంది. ప్రభుత్వ హామీల సంఘం అని రెండు సభల్లోనూ ఉంది, ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని ఆ సంఘాన్ని అడుక్కోవాలి. మీ హామీ ఏ స్థితిలో ఉందో మళ్లీ సమాచార హక్కు కిందే అడగొచ్చు.

డబ్బు పోయిందని తేలితే

ఫిర్యాదు పోర్టల్‌తో మొదలుపెట్టమంటారు అందరూ. పెట్టండి, కేంద్ర పోర్టల్‌లో ఇప్పుడు పరిష్కార గడువు 21 రోజులు. చాలాసార్లు 'సంబంధిత విభాగానికి పంపాం' అని మూసేస్తారు. అయినా ఆ నంబరు ఉపయోగపడుతుంది, మీరు ముందే చెప్పారనడానికి సాక్ష్యం.

అధికారుల అవినీతికైతే కేంద్ర విజిలెన్స్ కమిషన్. పేరు బయటికి రాకూడదనుకుంటే 2004 నాటి తీర్మానం కింద మూసిన కవరులో ఫిర్యాదు పంపే పద్ధతి ఉంది. హైవే పనుల అక్రమాలు రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురయ్యాక వచ్చిన ఏర్పాటు అది. లోక్‌పాల్‌కు మంత్రుల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు, నిర్ణీత ఫారంలో, అఫిడవిట్‌తో, ఘటన జరిగిన ఏడేళ్లలోపు. తప్పుడు ఫిర్యాదని తేలితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. అనుమానాన్ని అనుమానంలాగే రాయండి, కాగితం పలికినంత వరకే మీరూ పలకండి.

కోర్టు

ఇది చివరి మెట్టు, మొదటిది కాదు. చట్టప్రకారం చేయాల్సిన పని చేయమని ముందు శాఖకు రాతపూర్వక వినతి ఇవ్వండి, గడువు పెట్టండి, రసీదు దాచుకోండి. అప్పుడే హైకోర్టులో 226 అధికరణ కింద మాండమస్ (ఆ పని చేసి తీరాలన్న కోర్టు ఆదేశం) అడగడానికి కాలు పెట్టే చోటు ఉంటుంది. కేంద్రం మీద కేసుకు ఢిల్లీయే పోనక్కర్లేదు, గొడవకు మూలం మీ దగ్గర ఉంటే మీ హైకోర్టే చాలు. మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

నిష్క్రియ మీద గెలిచిన కేసుల్లో నాకు ఇష్టమైనది 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసింది. ఒకపక్క కరువుతో రాజస్థాన్ పల్లెల్లో ఆకలి, ఇంకోపక్క ఎఫ్‌సీఐ గోదాముల్లో అవసరానికి మించిన ధాన్యం. పిటిషన్ పెట్టినవాళ్లు ప్రభుత్వాన్ని తిట్టడం కన్నా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టారు. అదే ఏడాది నవంబరు 28న బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించింది. రహస్యం మీద గెలిచినదైతే, పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లది. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేసి, కొన్నదెవరో తీసుకున్నదెవరో స్టేట్ బ్యాంకు చేత చెప్పించారు.

ఒంటరిగా వద్దు

2010లో పుణె దగ్గర సతీశ్ శెట్టినీ గుజరాత్‌లో అమిత్ జేఠ్వానూ చంపేశారు. ఇద్దరూ సమాచార హక్కుతో పనిచేసినవాళ్లే. భయపెట్టడానికి చెప్పట్లేదు, జాగ్రత్త కోసం. భూములు, గనులు, కాంట్రాక్టుల జోలికి వెళ్తే ఒకే దరఖాస్తును వేర్వేరు ఊళ్ల నుంచి నలుగురు పెట్టండి. చిరునామాగా పోస్టు బాక్సు వాడొచ్చు. వచ్చిన కాగితాన్ని ఆ రోజే స్కాన్ చేసి కనీసం ఇద్దరికి పంపండి. రహస్యం మీ ఒక్కరి దగ్గరే ఉన్నంతకాలం అపాయం, పదిమందికి తెలిశాక అది వార్త.

పదిమందికి చెప్పడానికి రాజస్థాన్ దారి ఉంది. 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు కూలీల మస్టర్ రోళ్లను (హాజరు పట్టీలను) ఊరి మధ్య గట్టిగా చదివారు. చేయని పనికి తమ పేర్ల మీద కూలి రాసి ఉండటం జనం చెవులారా విన్నారు. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగిందీ ఈ పద్ధతిలోనే. ఢిల్లీ ఫైలునైనా ఇలాగే చదవొచ్చు. మంజూరు ఉత్తర్వులో మీ ఊరి పేరు ఉంటే, ఆ పేజీని మీ ఊళ్లోనే చదవండి.

నా ఫైలు సంగతి అడుగుతారేమో. నోట్‌షీట్ కాపీ పట్టుకుని ఒక రాజ్యసభ సభ్యుడి పీఏ చుట్టూ మూడు నెలలు తిరిగాను. ప్రశ్న పడింది, "సమాచారం సేకరిస్తున్నాం" అని జవాబు వచ్చింది. గడువు రెండుసార్లు పొడిగించాక సభ ముందు ఒక పేజీ ప్రకటన పెట్టారు. నిధులు తిరిగి విడుదలయ్యాయట, ఉత్తర్వు నంబరు, తేదీ కూడా ఇచ్చారు. ఆ ఉత్తర్వు కాపీ కోసం మొన్న మంగళవారం మళ్లీ పది రూపాయలు కట్టాను. ముప్పయ్యో రోజు ఎప్పుడో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకున్నాను.